ఎడమకు తిరిగే రింగు

ఆయన్ని అందరూ ఫోకస్ మాస్టారు అంటారు. పాఠాలు చెప్పింది ఎవరికీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఫోకస్ చేత్తోనే, లెన్సు రింగు తిప్పి కుదురుస్తాడు. ఆ పని మెషీనుకు వదిలేసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. అన్నేళ్లూ ఒకటే కంపెనీ కెమెరా. ఆ కంపెనీవాళ్లకు ఈయనెవరో కూడా తెలియదు. ఈయన మాత్రం సొంత అల్లుణ్ణి వెనకేసుకొచ్చినట్టు దాన్ని వెనకేసుకొచ్చేవాడు.

ఈమధ్య అన్నీ విసుగే. బ్యాగు మోస్తే భుజం లాగేస్తోంది. అంతకన్నా పెద్ద దిగులు, ఫోటోల్లో పదును తగ్గింది. పెళ్లివాళ్లు "బాగున్నాయండీ" అంటున్నారు గానీ, మళ్లీ పిలవడం లేదు. కంపెనీ సరుకు మునుపటిలా లేదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కెమెరాల షాపాయన ఆ గోడంతా విని, వేరే కంపెనీ కెమెరా ఒకటి చేతిలో పెట్టాడు.

"వారం వాడి చూడండి మాస్టారూ. నచ్చితే మీ పాతవన్నీ నేనే తీసుకుంటా. నచ్చకపోతే తిరిగిచ్చేయండి."

మారితే ఇన్నేళ్ల చేతి అలవాటు తుడిచిపెట్టుకుపోతుంది. మారకపోతే చేతిలో పనే మిగిలేలా లేదు.

ఆదివారం ఒక బడిలో పెద్ద టీచరమ్మ పదవీ విరమణ సభ. ఆవిడ మైకు ముందు మాట పెగలక నిలబడిపోయింది. బడి ఆయా పరుగున వచ్చి ఆవిడను కావలించుకుంది. మాస్టారి చెయ్యి దానంతటదే రింగును కుడికి తిప్పేసింది. ఈ కంపెనీది ఎడమకు తిప్పాలి. ఇచ్చేటప్పుడు షాపాయన చెప్పాడు కూడా. సరిచేసుకునేలోపు వాళ్లిద్దరూ విడిపోయి కళ్లు తుడుచుకుంటున్నారు. మాస్టారికి నీరసం ముంచుకొచ్చింది. "నీ ఇష్టమొచ్చినట్టు తగలడు" అని కెమెరాను తిట్టి, ఫోకస్‌ను ఆటోకు మార్చి, మిగతా సభంతా బటన్ నొక్కుతూ గడిపేశాడు.

వాళ్లింట్లో ముందు గదే స్టూడియో. ఫోటోలు ఏరేదీ, దిద్దేదీ ఆయన భార్య. మర్నాడు ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంటే, మాస్టారు వెనక కుర్చీలో చతికిలబడ్డాడు.

"తిరిగిచ్చేస్తానే. రింగు కూడా తిన్నగా తిరగదు దీనికి. అసలైన ఫోటో పోయింది."

"అదొక్కటే పోయింది. మిగతావి చూడండి."

చూశాడు. వెనక వరసలో ఉన్నవాళ్ల కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆయనకు సంతోషం కలగలేదు.

"లెన్సు మంచిది," అన్నాడు.

"లెన్సు కాదండీ." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఏడాదిన్నరగా మీకు చూపు ఆనడం లేదు. కళ్లద్దాలు రెండుసార్లు మార్చినా అంతే. పదింట్లో నాలుగు మసకే. నేనే ఏరేసి, మిగతావి దిద్ది ఇస్తున్నా."

కోపం రావాలి. దానికి కూడా ఓపిక లేకపోయింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తారని."

"ఏరేసినవి ఉన్నాయా?"

"ఇప్పుడెందుకండీ?"

"చూపించు."

ఆవిడ ఆ ఫోల్డరు తెరిచింది. మొట్టమొదటివి మాస్టారి అత్తగారి ఫోటోలు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు, కిటికీ పక్కన కూర్చోబెట్టి తనే తీశాడు. పది రోజులకే ఆవిడ పోయింది. అప్పుడు భార్య, ఆ ఫోటోలున్న మెమరీ కార్డు తన చేతిలోనే పాడైందని, ఒక్క ఫోటో కూడా దక్కలేదని చెప్పింది. కన్నతల్లి ఆఖరి ఫోటోలు చేతులారా పోగొట్టుకున్నావని, చుట్టాలందరి ముందూ ఆయన నానా మాటలూ అన్నాడు. ఆవిడ తల వంచుకుని అన్నీ పడింది.

మొత్తం ఇరవై రెండు ఫోటోలు. కిటికీ పరదా అల్లిక స్పష్టంగా ఉంది. అత్తగారి ముఖం ఒక్కదాన్లోనూ తేటగా లేదు.

"ఇవి దిద్దలేకపోయానండీ," అంది భార్య.

మాస్టారు షాపాయనకు ఫోన్ చేసి, పాతవన్నీ వచ్చి తీసుకెళ్లమన్నాడు. ఫోన్ పెట్టేసి భార్య వైపు చూశాడు.

"మీ వాళ్లందరికీ నేనే చెబుతా," అన్నాడు. "పాడైంది కార్డు కాదని."