కోపం పలకని గొంతు

పై ఇంటి స్నానాలగది నీళ్ళు అక్క గదిలోకి కారడం ఒక మూల చెమ్మతో మొదలైంది. తర్వాత సున్నం పెచ్చులూడింది. ఇప్పుడు పైన ఎవరు స్నానం చేసినా కింద మంచం పక్కన పెట్టిన బకెట్లో చుక్కలు పడుతున్నాయి. అక్క మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపింది. అక్కడి నుంచి తలుపు దగ్గరికి జరిపింది. ఇక జరపడానికి చోటు లేక హాల్లోకి వచ్చి చాప వేసుకుంది. దగ్గు పట్టుకుంది. ఫోన్‌లో ఆ దగ్గు విన్న కొడుకు, ఆదివారం వచ్చి తన ఇంటికి తీసుకుపోతానన్నాడు.

తమ్ముడు రేడియోలో అనౌన్సర్. భార్య చనిపోయిన ఏడాది అక్క తోడుగా వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఆ ఇద్దరే. పొద్దున్నే మైకు ముందు కూర్చుని ఊరందరితో మాట్లాడి వచ్చే మనిషికి ఇంటికొచ్చాక మాట్లాడ్డానికి ఉన్నది ఆమె ఒక్కతే. అక్క కొడుకు దగ్గరికి వెళితే మళ్ళీ రానివ్వరని అతనికి తెలుసు. ఆమెకీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

పై ఇంటాయన ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటిసారి చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆయన కుర్చీ వేసి, భార్యనీ అత్తగారినీ పిలిచి, మన బిల్డింగులోనే ఉంటారని చెప్పానే, ఆయనే ఈయన అని పరిచయం చేశాడు. అనౌన్సర్ చెమ్మ సంగతి చెప్పాడు, పెచ్చుల సంగతి చెప్పాడు. ముగ్గురూ తల పక్కకి వంచి, పాట వింటున్నట్టు విన్నారు. చివర్లో అత్తగారు కళ్ళు తుడుచుకుంది. టీ ఇచ్చారు. మెట్లు దిగాక గానీ అతనికి గుర్తు రాలేదు, పని ఎప్పుడు చేయిస్తారో ఎవరూ చెప్పలేదని.

రెండోసారి ఆయన ఫోన్ తీసి, సార్, మొదట్నుంచి చెప్పండి, రికార్డు చేసుకుంటా అన్నాడు. మేస్త్రీకి వినిపించడానికేమో అనుకుని అనౌన్సర్ మొదట్నుంచీ చెప్పాడు. మర్నాడు లిఫ్టులో ఎవరో ఆపి, మీ చెమ్మ విన్నామండీ, మా ఆఫీసులో అందరం విన్నాం అన్నారు. బిల్డింగు సెక్రటరీ దగ్గరికి వెళితే, ఆయన ఫిర్యాదంతా విని, ఎలాగూ వచ్చారు కదా, లిఫ్టుకి నాలుగు మాటలు రికార్డు చేసి పెట్టమన్నాడు. తలుపులు మూసుకుంటున్నాయి, దూరంగా నిలబడండి, అలాంటివి.

అతని తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో ఒక మధ్యాహ్నం తలుపులన్నీ మూసుకుని అరవడం సాధన చేశాడు. ఏమనుకుంటున్నారు మీరు, మనుషులా కాదా అని గోడకేసి అన్నాడు. హాల్లోంచి అక్క అడిగింది.

"ఎవర్రా వచ్చింది? స్వాగతం చెబుతున్నావా?"

"తిడుతున్నానక్కా."

"తిట్టడమా అది? కుర్చీ వేసి కూర్చోబెడుతున్నట్టుంది."

మెట్లెక్కే ఓపికుంటే తనే వెళ్ళేదాన్నని అంది అక్క. ఆమెది గరుకు గొంతు. ఆ గొంతుతో పాలవాడి దగ్గర్నుంచి బంధువుల దాకా అందరినీ దారిలో పెట్టింది. మోకాళ్ళు రెండూ పోయాక కేకలన్నీ కింది అంతస్తులోనే ఆగిపోయాయి.

ఆ వారమే స్టేషన్లో కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పే పని అతని మీద పడింది. మంచి అనౌన్సర్ అంటే ఎవరని అడిగారు వాళ్ళు. అతను తనకు తెలిసిన ఇద్దరి గురించి చెప్పాడు. ఒకావిడ గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉండేది. గొంతు పరీక్షలో తీసేసినంత పని చేశారు. మైకు వేసేముందు ఆవిడ, నేనిప్పుడు ఎవరితో మాట్లాడుతున్నాను అని తనను తాను అడిగేది, ఒక్క మనిషిని ఎంచుకునేది. వరద హెచ్చరిక ఆవిడ చదివితే జనం పరుగులు పెట్టలేదు. పిల్లల్నీ కాగితాల్నీ సర్దుకుని నడిచి బయటికొచ్చారు. రెండో ఆయన అతని గురువు. ఒక రాత్రి ప్రమాదవార్త చదువుతుంటే మృతుల్లో సొంత తమ్ముడి పేరుంది. ఆ పేరును మిగతా పేర్లలాగే చదివాడు. బులెటిన్ అయ్యాక బయటికొచ్చి వరండాలో కూలబడితే గానీ ఎవరికీ తెలియలేదు.

గొంతు బాగుండడం పెద్ద విషయం కాదన్నాడు అనౌన్సర్. వినేవాడికి నీ గొడవ వినపడకూడదు, వాడికి కావలసింది వినపడాలి. చెప్పులతో పాటు ఇంటి సంగతులు కూడా స్టూడియో తలుపు బయటే వదలాలి.

"మరి కోపం వస్తే సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

"అలవాటైపోతే రాదమ్మా."

పిల్లలందరూ తలలు వంచి అది రాసుకున్నారు. రాసుకోకండి అని అరవాలనిపించింది అతనికి. ఉన్న కోపమంతా గొంతు దాకా వచ్చి, అక్కడ ఇస్త్రీ అయి, మడత పెట్టిన బట్టలా బయటికొస్తోంది. ముప్ఫై ఏళ్ళు మైకు ముందు చేసిన పని అదే. ఇప్పుడు వద్దన్నా ఆగడం లేదు. అతను వాళ్ళకి టీ విరామం ఇచ్చాడు.

శనివారం సాయంత్రం అక్క పెట్టె సర్దుకుంది. అతను ఆ సర్దడం కాసేపు చూసి, అరికాలి మంట నెత్తికెక్కి, పైకి వెళ్ళాడు. పై ఇంట్లో చుట్టాలున్నారు. హాలు నిండా కుర్చీలు. ఆయన లేచి, రండి సార్, మీ గురించే అనుకుంటున్నాం అన్నాడు. అనౌన్సర్ కూర్చోలేదు. హాలు మధ్యలో నిలబడి ఆయన మొహంలోకి చూస్తూ అన్నాడు:

"మీకు సిగ్గు లేదు. ఒక పెద్దావిడ మీ మురికినీళ్ళ వల్ల నేల మీద పడుకుంటోంది. మీరు మనిషి కాదు."

ఒక్క అక్షరం జారలేదు. గొంతు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. నాటకాల్లో కూడా వేస్తారా సార్, ఇది ఏ నాటకంలోది అని ఆయన బావమరిది అడిగాడు. ఆయన భార్య లోపలికెళ్ళి పిల్లల్ని పిలుచుకొచ్చి, ఇంకొక్కసారి అనమంది.

అతను దిగి వచ్చేశాడు. అక్క ఏమైందని అడిగితే, మెచ్చుకున్నారని చెప్పాడు.

ఆదివారం పొద్దున డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి అతను డాబా మీదికి వెళ్ళాడు. ట్యాంకు నుంచి ఏ ఇంటి పైపు ఆ ఇంటికి దిగుతుంది. పై ఇంటి పైపు వాల్వు తుప్పు పట్టి ఉంది. రెండు చేతులా తిప్పాడు. అరచేయి చెక్కుకుపోయింది గానీ వాల్వు మూసుకుంది. దాని మీద చేయి వేసి పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాడు.

కాసేపటికి పై ఇంటాయన మెట్లెక్కి వచ్చాడు. ఒంటికి తువ్వాలు, మెడ మీద సబ్బు నురగ.

"మీరిక్కడున్నారా సార్? మా ఇంట్లో నీళ్ళు ఆగిపోయాయి."

"నేనే కట్టేశాను."

"ఏమన్నా రిపేరా సార్?"

"రిపేరు మీ ఇంట్లో జరగాలి. మేస్త్రీ వచ్చేదాకా ఇది తిప్పను."

ఆయన నవ్వాడు. అలవాటుగా తల కూడా పక్కకి వంచాడు. అనౌన్సర్ చేయి వాల్వు మీద నుంచి కదల్లేదు. వేళ్ళ సందుల్లో నెత్తురు తుప్పుతో కలిసి ఉంది. ఆయన దాన్ని చూసి తల నిటారుగా పెట్టాడు.

"ఇంత ఇబ్బందిగా ఉందని ఒక్కసారైనా చెప్పారా సార్?"

"వచ్చినప్పుడల్లా అదే చెప్పాను."

"చెప్పారులెండి. కోప్పడలేదుగా. మీరు చెబుతుంటే మాకు హాయిగా ఉండేది. నాదా తప్పు?"

ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు. దానికి జవాబుగా అనౌన్సర్ దగ్గర ఎన్నో మాటలున్నాయి. అవి ఏ గొంతులో వస్తాయో కూడా అతనికి తెలుసు. వాల్వు మీద రెండో చేయి కూడా వేశాడు.

ఆయన ఆ తువ్వాలుతోనే కింది ఇంటికి వెళ్ళి, అక్క గదిలో కప్పు వంకా బకెట్టు వంకా చూశాడు. అక్క తన గరుకు గొంతుతో ఏమందో డాబా మీదికి మాటలుగా వినపడలేదు గానీ, ఆయన వెంటనే బయటికొచ్చి ఫోన్ చేశాడు. మేస్త్రీ వచ్చి, స్నానాలగది గచ్చు తట్టి చూసి, పైపు అతుకు విడిపోయింది, సాయంత్రానికి అయిపోతుందన్నాడు. కింది కప్పు ఆరడానికి మాత్రం నెల పడుతుందట. అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ పడుకోకూడదట.

మేనల్లుడు వచ్చేసరికి పైన గచ్చు పగలగొడుతున్నారు. అక్క చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పని మొదలైంది రా. నెలలో గది ఆరిపోతుంది" అన్నాడు అనౌన్సర్. తర్వాతి కార్యక్రమం చెబుతున్నట్టే వచ్చింది ఆ మాట.

"విన్నావుగా అమ్మా, మావయ్యకేం ఇబ్బంది లేదు. ఎంత నిమ్మళంగా చెబుతున్నాడో చూడు" అని మేనల్లుడు పెట్టె అందుకోబోయాడు.

పెట్టె పిడిని అనౌన్సర్ అప్పటికే పట్టుకుని ఉన్నాడు. మేనల్లుడు లాగాడు. అది రాలేదు. తీసుకెళ్ళు రా, జాగ్రత్తగా వెళ్ళండి అన్నాడు అనౌన్సర్, అదే గొంతుతో, స్పష్టంగా. మేనల్లుడు మళ్ళీ లాగాడు. పిడి చుట్టూ మామ వేళ్ళు తెల్లబడ్డాయి.

"వదులు మావయ్యా" అన్నాడు వాడు.

అక్క ఆ చేతిని చూసింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"నువ్వు వెళ్ళి నెల పోయాక రా. నేను హాల్లో పడుకుంటా" అంది కొడుకుతో.

దగ్గు మాటేమిటని వాడు అడిగాడు. నా దగ్గు, నేను దగ్గుకుంటా అంది. వాడు మామ వంక చూశాడు, ఆయనైనా నచ్చచెబుతాడేమోనని. వాడు కారు తాళాలు జేబులోంచి తీసి మెట్లు దిగేదాకా పెట్టెను అనౌన్సర్ కింద పెట్టలేదు.