వేలు పడ్డ ఆనపపిందె

పాదుకు కాసిన పిందెను వేలితో చూపిస్తే అది కుళ్లి రాలిపోతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. మణికొండలోని ఒక అపార్ట్‌మెంటు డాబా మీద ఆ నమ్మకం దెబ్బ పిందెలకన్న ఎక్కువగా కామేశ్వరరావుకు తగిలింది. ఆయన భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషి. చూపుడువేలు లేవందే ఆయనకు మాట పెగలదు.

పొద్దున్నే కాఫీ తాగి, పుస్తకం పట్టుకుని, భార్య అమ్మణ్ణి పెంచిన ఆనపపందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆయన దినచర్య. అద్దాల మేడల వేడి తగలకుండా కాస్త గాలి ఆడే చోటు ఆ డాబా మొత్తానికి అదొక్కటే. అక్కడ కూర్చుని తీగ ఎందుకు పాకుతుందో, నులితీగ ఎటు చుట్టుకుంటుందో అమ్మణ్ణికి వేలెత్తి వివరించేవాడు. ఆయన వివరించిన పిందె అల్లా పసుపు తిరిగి, మెత్తబడి, రాలిపోయేది.

శ్రావణం వెళ్లి భాద్రపదం వచ్చింది. ఒక్క కాయ చేతికి రాలేదు. లేత ఆనపముక్కల్లో పాలు పోసి కూర వండాలన్న అమ్మణ్ణి ముచ్చట ముచ్చటగానే మిగిలింది. ఒకనాడు ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఏమండీ, మీరింక పైకి రాకండి. కుర్చీ కిందికి దింపించేస్తాను."

"నేనేం చేశానే?"

"మీరు కాదు, మీ వేలు చేసింది. అది పడ్డ పిందె ఒక్కటైనా బతికిందా?"

"పిందె రాలేది వేలు పడి కాదు అమ్మణ్ణీ, పుప్పొడి అందక. ఇంత ఎత్తుకు తుమ్మెద రాదు."

"తుమ్మెద రాదు, మీరొస్తున్నారుగా!"

వాదంతో తేలేది కాదని కామేశ్వరరావు పరీక్ష ప్రతిపాదించాడు. తీగకు ఇక రెండే ఆడమొగ్గలు మిగిలాయి. అవి విచ్చుకున్న సాయంకాలం ఆయన మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, రెండింటికీ పుప్పొడి సమానంగా అద్దాడు.

"ఈ వయసులో పెళ్లిళ్ల పేరయ్య అవతారం ఒకటి," అంది అమ్మణ్ణి.

షరతులు స్పష్టంగా కుదిరాయి. తూర్పు పిందెను ఆయన రోజూ వేలితో చూపించాలి. పడమటి పిందెను, పోలిక కోసం, ఎవరూ చూపించకూడదు. తూర్పు పిందె నిలిస్తే కుర్చీ నిలుస్తుంది. కుళ్లితే కిందికి దిగుతుంది.

ప్రతి ఉదయం ఆయన గొంతు సవరించుకుని, న్యాయస్థానంలో సాక్షి ముద్దాయిని గుర్తుపట్టినట్టు తూర్పు పిందెను చూపించేవాడు. అమ్మణ్ణి అటు తిరిగి కళ్లు మూసుకునేది. దొండకాయంత పిందె చూస్తూండగా వంకాయంత అయింది. పడమటిదీ దానితో సమానంగానే సాగుతోంది. కామేశ్వరరావు కుర్చీకి కొత్త దిండు వేయించుకున్నాడు.

ఈ సంగతి కింది అంతస్తులో ఉన్న సక్కుబాయి, వీరేశం దంపతుల చెవిన పడింది. ఆ భవనం లేచిన నేల ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. ఆదివారం పొద్దున ఇద్దరూ పైకి వచ్చారు.

"ఏంది సార్, సొరకాయకు పరీక్ష పెట్టిన్రంట!" అన్నాడు వీరేశం. "మా ఇంట్ల గిట్ల ఏలు సూపెడితే మా అమ్మ చెయ్యి ఇరగ్గొట్టేది."

సక్కుబాయి దృష్టి కాయ మీదే ఉంది. "రెండు నిలిస్తే ఒకటి నాకియ్యు అక్కా. తురిమి, బియ్యప్పిండిల కలిపి సర్వపిండి పెడ్త."

"అంత లేత కాయను తురుముతారా ఎవరైనా? పాలు పోసి వండాలి గానీ."

"సొరకాయల పాలా? జరమొచ్చినోళ్లకు వండుతవా ఏంది?"

వంటల తగవు ముదరకముందే కామేశ్వరరావు ప్రయోగం వివరించడానికి పూనుకున్నాడు. శ్రోతలు దొరికి చాలా కాలమైంది. "రెండింటికీ మట్టి ఒకటే, నీరు ఒకటే, ఎండ ఒకటే. వేలు ఒక్కటే తేడా. అందుచేత," అంటూండగా ఆయన గొంతు తరగతి గది గొంతయింది, "అదిగో, ఆ పిందెను, దాన్ని మాత్రం, ఎట్టి పరిస్థితిలోనూ ఎవరూ వేలితో చూపించరాదు!"

చాచిన వేలు చాచినట్టే ఉంది. దానికి జానెడు దూరంలో పడమటి పిందె ఊగుతోంది.

"సార్," అన్నాడు వీరేశం మెల్లగా, "మీరే సూపెడ్తున్నరు."

కామేశ్వరరావు వేలు మడిచాడు. "ప్రయోగం చెడింది. మళ్లీ మొదటినుంచి..."

"మొదటినుంచి చెయ్యడానికి పిందెలేవండీ?" అంది అమ్మణ్ణి. "ఇప్పుడు రెండూ మీ వేలు పడ్డవే. రెండూ నిలిస్తేనే కుర్చీ."

"ఇది అన్యాయం."

"వేలిలో ఏమీ లేదన్నారుగా? లేనప్పుడు భయమెందుకు?"

ముప్పై ఏళ్లపాటు ఇలాంటి ప్రశ్నలతోనే ఎదుటివాళ్లను మూలకు నెట్టిన మనిషి తానే మూలకు చేరాడు. ఒప్పుకున్నాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి సార్," అంది సక్కుబాయి. "సూపెట్టిన ఏలు పండ్లతోని కొర్కుండ్రి. దోషం పోతది."

"కొరకను."

"కొరికితే ఏం పోతుందండీ, మీ వేలే కదా?" అంది అమ్మణ్ణి.

"సిద్ధాంతం పోతుంది."

తర్వాత కొద్దిరోజులకు పడమటి పిందె కొసన లేత పసుపు కనిపించింది. ఆ ఉదయం డాబా మీద కామేశ్వరరావు ఒక్కడే ఉన్నాడు. ఆ రంగు ఎండ పొడ కావచ్చునని ఒక పక్కనుంచి చూశాడు. కాదని రెండో పక్కనుంచి తేలింది. కుర్చీ వంక చూశాడు. కొత్త దిండు వంక చూశాడు. వేలు కొరకడం వల్ల ఏ ఫలితమూ ఉండదు. ఫలితం లేని పని ఏ సిద్ధాంతానికీ విరుద్ధం కాజాలదు. విరుద్ధం కాని పని చేయడానికి సంకోచించడమే ఒక మూఢనమ్మకం. ఈ తర్కంలో లోపం కోసం నిజాయితీగా వెతికాడు, దొరకలేదు. నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"గట్టిగా కొరకాలిట."

మగ్గుతో నీళ్లు పట్టుకోవడానికి వచ్చిన అమ్మణ్ణి కుళాయి దగ్గర నిలబడి ఉంది.

"గోరు విరిగింది," అన్నాడాయన వేలు తీయకుండానే.

"విరిగితే విరిగింది. ఇంకాస్త గట్టిగా కొరకండి."

ఆయన ఇంకాస్త గట్టిగా కొరికాడు.

రోజూ వేలు చూపించిన తూర్పు పిందె మూరెడు కాయ అయింది. దానిలో సగం పాలు పోసిన కూర అయింది, సగం సక్కుబాయి ఇంట సర్వపిండి అయింది. ఒక్కసారే వేలు చూపించి, ఆ పైన వేలు కొరుక్కున్న పడమటి పిందె కుళ్లి రాలిపోయింది. కుర్చీ కిందికి దిగింది.