ఎర్రతోక ఊపిరి

మూతపడ్డ బంగారు గని సైనైడ్ దిబ్బల మీద ఎండ పడకముందే లక్ష్మీదేవమ్మ కోడిపేగుల బేసిన్ చంకలో పెట్టుకుని గుంత గట్టు దిగుతుంది. నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని అరచేత్తో నీళ్ళను చరుస్తుంది. కాసేపటికి నీళ్ళు ఉబ్బుతాయి. మనిషి కంటే పొడుగైన చేప, తోక మోదుగుపువ్వు రంగుది, పైకి వచ్చి పెద్దగా దగ్గినట్టు చప్పుడు చేసి గాలి మింగుతుంది. సరిగ్గా అప్పుడే పైన కోరమండల్ గనికూలీల లైన్ ఇంట్లో, మంచం మీద ఆమె మొగుడు ఆంజనప్ప దమ్ము తీసుకుంటాడు.

"బాగా మేసిందా?" ఆమె ఇంటికి రాగానే ఆయన అడిగే మొదటి మాట అదే.

"మేసింది. నీకంటే నయం. పెట్టిందానికి వంకలు పెట్టదు."

పాత క్వారీ గుంత అది. వానలకు నిండి చెరువంతయింది. మునిశంకర్ దాన్ని గుత్తకు తీసుకుని, గట్టున నాలుగు గదులు కట్టి, ఎక్కడెక్కడి దేశాల చేపపిల్లలనో డ్రమ్ముల్లో తెచ్చి వదిలాడు. అవి దూడలంత పెరిగాయి. శనివారమైతే బెంగళూరు నుంచి కార్లు వస్తాయి. వచ్చినవాళ్ళు గాలం వేసి పట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు.

"వదిలేసేదానికి అంత దూరం నుంచి డీజిల్ కాల్చుకుని వచ్చేది యాల?" అని ఆంజనప్పకు ఎప్పుడూ నవ్వే.

గనిలో రాయి తొలిచే మిషన్ పట్టిన మనిషి ఆయన. గని మూసేశాక ఈ గుంతకే కాపలా ఉన్నాడు. రాతిదుమ్ము అప్పటికే రొమ్ములో పేరుకుపోయింది. ఎర్రతోక పిల్లగా డ్రమ్ములో వచ్చిన రోజు, ప్రయాణంలో అలిసి వెల్లకిలా తేలుతుంటే, దాని తల కింద చెయ్యి పెట్టి పైకెత్తి గాలి పట్టించింది ఆయనే. ఆ పొద్దు నుంచి చేప దమ్ము తీస్తేనే ఆయనకు దమ్ము ఆడేది. రాబర్ట్‌సన్‌పేట డాక్టరు కూడా ఆయన రొమ్ము విని, "చేప ఎట్లుండాది?" అని అడిగాకే మందు రాసేవాడు.

ఆ డాక్టరు ఆస్పత్రిలో ఒకసారి చీటీ రాసే పిల్ల, "మీ ఆయన పేరేమమ్మా?" అంది. లక్ష్మీదేవమ్మ మొగుడి పేరు నోటితో ఎన్నడూ అనలేదు. "అదే తల్లీ, తోకతో లంక కాల్చిన సామి పేరు రాసుకో," అంది. ఆ పిల్ల హనుమంతప్ప అని రాసింది. మంచం మీది నుంచి ఆయన దగ్గుతూ, నవ్వుతూ, తన పేరు తానే చెప్పుకున్నాడు.

ఈ మధ్య ఆమెకు మరుపు వచ్చింది. ఉప్పు వేసిన చారులో మళ్ళీ ఉప్పు వేస్తుంది. పాలు పొయ్యి మీద పెట్టి పక్కింటికి పోతుంది. వాటికి ఆమె భయపడలేదు. భయమంతా ఒక్కదానికే. పొద్దున్నే కడుపు నిండితే ఎర్రతోక ఆ దినమంతా గాలం జోలికి పోదు. ఆకలితో ఉండి గాలానికి తగులుకుంటే, పెనుగులాటలో పైకి రావడానికి వీలు పడదు. గాలి అందకపోతే ఆ చేప నీళ్ళలోనే చస్తుంది. అందుకే రోజూ పడుకునే ముందు కొంగులో ముడి వేసుకునేది. మేపి వచ్చాక విప్పేది. ముడి ఉంటే పని మిగిలినట్టు.

ఆ శనివారం పొద్దున్న పొయ్యి దగ్గర పాలగిన్నె ఒలికి చీర తడిసింది. ఆమె వేరే చీర కట్టుకుంది. కొంగు తడుముకుంటే ముడి లేదు. మేపేసినాననుకుని వంటలో పడింది.

పొద్దు బాగా ఎక్కాక వంటింటి మూల బేసిన్ కనబడింది. పేగులు అట్లే ఉన్నాయి. అయ్యో, తెల్లారిపోయింది, ఇంకా మేపలేదు అనుకుందే గానీ, గట్టంతా గాలాలు వేసి ఉన్నాయని ఆమెకు తోచలేదు. పరుగున దిగి నీళ్ళను చరిచింది.

ఎర్రతోక ఆకలితో వచ్చింది. దారిలో ఉన్న ఎరను మింగింది.

"తగిలింది! తగిలింది!" టోపీ పెట్టుకున్న బెంగళూరు సారు గాలం కర్ర పట్టుకుని వెనక్కి వాలాడు.

"కోసేయండి సార్! దారం కోసేయండి!" మునిశంకర్ గదుల దగ్గర నుంచి అరుస్తూ పరుగెత్తాడు. "చెప్పినాను కదా, అది మా పెద్దాయన ఊపిరి!"

"కత్తి... కత్తి యాడ పెట్టితిని?" సారు ఒంటిచేత్తో జేబులు వెతుక్కున్నాడు. ఆయన ముఖం కూడా తెల్లబోయింది.

దారం తెగేసరికి చేప అంచున ఒరిగిపోయి ఉంది. తల నీళ్ళ కిందే. లక్ష్మీదేవమ్మ చీరతోనే దిగింది. ఏం జరిగిందో, ఇదంతా ఎవరి వల్లో ఆమెకు ఆ క్షణం తెలియదు. చేతులకు మాత్రం తెలుసు. దగ్గు తెరలో ఆయనను లేపి కూర్చోబెట్టినట్టే, చేప తల కింద మోచెయ్యి పెట్టి పైకెత్తి, "మెల్లగ... మెల్లగ తీసుకో... నేనుండాను," అంది.

చాలాసేపటికి చేప గాలి మింగింది.

ఆమె ఇంటికి వచ్చేసరికి ఆంజనప్ప గోడకు ఆనుకుని ఉన్నాడు. పెదాలు నేరేడుపండులా ఉన్నాయి.

"ఎవురో నా తల ఎత్తి పట్టుకున్నారే. నీ చెయ్యే."

అప్పుడు ఆమెకు అంతా గుర్తొచ్చింది. కుప్పగా కూలి కూర్చుంది. "పిలిచింది నేనే. గాలాలుండంగా నేనే పిలిచినాను. రేపు మళ్ళీ మరిస్తే? నిన్ను నేనే సంపుకుంటానా?"

ఆయన ఆమె తడి కొంగును తన చేతిలోకి తీసుకుని పిండుతూ కూర్చున్నాడు.

మర్నాడు మునిశంకర్ చేత జీపు తెప్పించుకుని గుంతకు పోయాడు. గట్టున కుర్చీ వేయించుకుని, వంగి నీళ్ళను చరిచాడు. ఎర్రతోక వచ్చింది. దాని తల మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇంగ సాలప్పా. నీ దమ్ము నీది, నా దమ్ము నాది."

"వద్దు! నీ రొమ్ములో ఏముండాదని?" లక్ష్మీదేవమ్మ ఆయన చెయ్యి లాగబోయింది. "పెద్దాయనా, ఆలోచించు," అన్నాడు మునిశంకర్.

ఆయన చెయ్యి తీయలేదు. చేప మునిగాకే తీశాడు. తర్వాత ఆమె కొంగు అందుకుని, రాత్రి వేసుకున్న ముడిని గోళ్ళతో విప్పాడు.

"ఇంగ నువ్వు ఏమి మర్చిపోయినా ఎవురూ సావరు. నిమ్మళంగా మర్చిపోవే."

మామిడి పూత దాకా ఆయన తన దమ్ముతోనే బతికాడు. పిల్లనగ్రోవిలా ఈల వేసే చిన్న దమ్ము. పిందెలు రాలే నాటికి లేడు.

ఆ తర్వాత ఆమె ఒక్కొక్కటే మర్చిపోయింది. చారు, పొయ్యి, ఇంటికి పోయే దారి. ఎవరూ చావలేదు. ఎర్రతోకను మునిశంకరే మేపుతున్నాడు. ఆమెను మాత్రం రోజూ తెచ్చి గట్టున కుర్చీలో కూర్చోబెడతాడు.

"పెద్దమ్మా, పెద్దాయన పేరు గుర్తుండాదా?" అని ఒక పొద్దు అడిగాడు.

ఆమె చాలాసేపు వెతికింది. ఎన్నడూ నోటితో అనని పేరు. నాలుక మీద దానికి దారే పడలేదు.

"లంక కాల్చిన..." అని ఆగిపోయింది.

నీళ్ళు ఉబ్బాయి. ఎర్రతోక పైకి లేచి గాలి మింగింది. దాంతోపాటే ఆమె రొమ్ము కూడా నిండుగా లేచింది.

"ఆంజనప్ప," అంది లక్ష్మీదేవమ్మ. "మా ఆయన. పోయిన ఏడు పోయినాడు. నా ముడి విప్పి పోయినాడు."

కళ్ళ నుంచి నీళ్ళు కారాయి.

చేప మునిగింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అది ఎందుకు తడిసిందో తెలియక దాని వంక చూసుకుంది. తర్వాత నీళ్ళ వైపు చెయ్యి చూపింది.

"కుర్చీ ఇంగొంచెం ముందరికి వెయ్యప్పా."