ఖాళీ క్యారేజీ

క్యారేజీ మూడు గిన్నెల్లోనూ పాత లంగా గుడ్డముక్కలు కుక్కి, పిడి బిగించింది వెంకటదుర్గ. గుడ్డ లేకపోతే ఖాళీ గిన్నెలు గలగలమని పరువు తీస్తాయి. మంచం మీద భర్త పోతురాజు గురక పెడుతున్నాడు. తలుపు దగ్గరగా వేసి కాలవగట్టెక్కింది.

నడకంటే మామూలు నడక కాదు. కుచ్చిళ్లు పైకి దోపుకొని, రొప్పు వచ్చేలా కాలవ నీళ్లాపే లాకులదాకా పోయి వెనక్కి తిరుగుతుంది. జాకెట్టు చెమటకు తడిసి, పిక్కలు బిగిశాక, గుండెల మీది బరువు కాస్త పక్కకు జరుగుతుంది. దానికోసమే ఈ తిప్పలన్నీ.

రెండేళ్ల కిందట ఆ బరువే ఆమెను మంచాన పడేసింది. కడియం నర్సరీలో రోజంతా కూర్చుని మొక్కల సంచుల్లో మట్టి నింపే మనిషి, తల దువ్వుకోవడానికి చెయ్యెత్తలేకపోయింది. ఏడుపు కూడా రాలేదు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరికి రాజమండ్రిలో డాక్టరు సత్యవాణిగారు ఇది డిప్రెషన్ అనే జబ్బని చెప్పి బిళ్లలు రాశారు.

"బిళ్లలు మానకూడదు. వాటితోపాటు రోజూ చెమట పట్టేలా నడవాలమ్మా. అదీ మందే."

బిళ్లలు ఎవరికీ కనపడవు. నడక కనపడుతుంది. పనీపాటా లేకుండా ఆడమనిషి గట్టు మీద అంత విసురుగా పోతుంటే ఊరు ఊరుకుంటుందా? పిచ్చి ముదిరిందంది. అందుకే పోతురాజు ఈ క్యారేజీ తెచ్చి చేతికిచ్చాడు. "ఏదోటి పట్టుకుంటే పనిమీద ఎళ్తన్నావనుకుంటారు."

నిజమే, ఊరు నోరు మూసుకుంది. మొన్నటి వానలకు గట్టంతా బురదై నడక ఆగిపోయింది. అంతే, మళ్లీ అన్నం సహించలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ నడక లేకపోతే తను ఏమైపోతుందో దుర్గకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఆ రోజు నర్సరీలో పక్కన కూర్చుని మట్టి నింపుతున్న పాపాయి గొంతు తగ్గించింది.

"ఏమే దుర్గా, లాకుల దగ్గర ఎవడికే రోజూ క్యారేజీ?"

"ఎవడికేంటే?"

"కాపలావోడికంట. ఊరంతా అదే మాట."

దుర్గ చేతిలో సంచి చిరిగి మట్టి ఒళ్లో పడింది. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే కోపం, ఒళ్లు మండిపోయేంత కోపం. తనకు ఇంకా ఇంత కోపం వస్తుందని తెలిసి లోలోపల సంబరపడింది కూడా.

రాత్రి అన్నం కలుపుతూ పోతురాజు తలెత్తకుండా అన్నాడు.

"రేపట్నుంచి గట్టెక్కొద్దు. బయట తలెత్తుకోలేకపోతన్నాను."

"క్యారేజీ ఇచ్చింది మీరే గదండీ."

"తప్పే. మానెయ్యి."

"మానేస్తే మళ్లీ మంచమెక్కుతానండి. అప్పుడు తలెత్తుకుంటారా?"

అతను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

తెల్లవారుజామున ఆమె క్యారేజీ పిడి బిగిస్తుంటే మంచం మీద గురక లేదు. మేలుకునే ఉన్నాడు. ఆపలేదు.

లాకుల దగ్గర టీ బడ్డీ చుట్టూ ఎప్పటిలాగే మగాళ్లు మూగి ఉన్నారు. దుర్గ సరాసరి వాళ్ల మధ్యకు పోయి, క్యారేజీ విప్పి, మూడు గిన్నెలూ బల్ల మీద పరిచింది. గుడ్డముక్కలు లాగి పారేసింది.

"చూడండి, అందరూ బాగా చూడండి! ఇందులో ఎవడికీ ఏమీ లేదు. నాకు మనసు జబ్బండి. డాక్టరుగారు బిళ్లలిచ్చారు, నడవమన్నారు. నడుస్తన్నాను. పిచ్చిదంటారా, అనుకోండి. నేను మాత్రం మానను."

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా బడ్డీవాడు చూసుకోలేదు.

"అమ్మా, మీ క్యారేజీ," అని వెనక నుంచి ఎవరో పిలిచారు.

దుర్గ తిరిగి చూడలేదు. రెండు చేతులూ విసురుగా ఊపుకుంటూ, రోజూ వెనక్కి మళ్లే లాకులు దాటి, ధవళేశ్వరం వైపు గట్టు వెంట పోయింది. మలుపులో తుమ్మచెట్ల చాటున ఆమె చీర కూడా కనపడకుండా పోయింది.

బల్ల మీద మూడు ఖాళీ గిన్నెలూ నోళ్లు తెరుచుకుని ఉండిపోయాయి.