చొక్కా తోక

మా వేట క్యాంపు ఇంట్లో పొయ్యి పక్క గోడంతా చొక్కా తోకలే. దుప్పి మీద గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కోసి, దాని మీద పేరు రాసి, మేకు కొట్టి వేలాడదీయడం మా అలబామా వేటగాళ్ల ఆచారం. మా తాతల నాటి గుడ్డలు కూడా ఉన్నాయి, పొగచూరి నల్లబడిపోయి. కోసేటప్పుడు అందరూ నవ్వుతారు, తప్పినవాడూ నవ్వుతాడు, తర్వాత అందరూ కలిసి కూచుని తింటారు. ఆచారం మీద నాకేం కోపం లేదు. ఆ గోడ మీద ఎర్రగళ్ల గుడ్డ ఒకటి ఉండేది, దాని మీద ‘ఆర్లీన్’ అని రాసి ఉండేది. ఆర్లీన్ అంటే నేను. నేను గురి తప్పలేదు. నా కోపమంతా అదీ.

పోయినేడు నవంబరులో ఒక పొద్దున్న టర్కీ వాగు దగ్గర నా మంచె మీంచి ఒక మగ దుప్పిని కొట్టాను. పెద్ద కొమ్ములు, ఎడమ కొమ్ము చివర విరిగి ఉంది. చెట్టుకి కట్టి వదిలేస్తే ఎదురుగా ఏది కదిలినా తనంతట తనే ఫోటో తీసే కెమెరా ఒకటుంది నాకు, దాని ఫోటోల్లో ఈ దుప్పిని నెలరోజులుగా చూస్తూనే ఉన్నాను. వాగు గట్టున పక్కకి తిరిగి నిలబడింది. గుండు భుజం వెనక తగిలింది. తగిలిన దుప్పి వీపు వంచి ఎగిరే తీరు వేరు, ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోరు. అలా ఎగిరి, వాగు దాటి రెల్లు పొదల్లోకి పోయింది.

నెత్తురు జాడ వెతకడానికి మిగతావాళ్లని పిలవాలి, అది పద్ధతి. మా ఆయన వెండెల్ వచ్చాడు. వాళ్లన్న హార్లన్ వచ్చాడు. హార్లన్ మా వేట క్లబ్బుకి అధ్యక్షుడు, ఆయన నోట్లోంచి ఊడిపడిందే చట్టం. మా ఇద్దర్నీ ఇవతలి గట్టున వెతకమని చెప్పి, తనొక్కడే వాగు దాటి పొదల్లోకి వెళ్లాడు. చాలాసేపటికి తీరిగ్గా తిరిగొచ్చాడు.

"ఒక్క చుక్క నెత్తురు లేదు మరదలా. గాలిని కొట్టావు."

"తగిలింది బావగారూ. నా కళ్లారా చూశాను."

"తుపాకీ పేల్చేటప్పుడు కళ్లు మూసుకుంటే ఏవేవో కనబడతాయిలే. ఇటు తిరుగు. తోక ఇలా ఇయ్యి."

క్యాంపు ఇంట్లో పదిమంది ముందు నన్ను గోడవైపు తిప్పి, తన నడుముకుండే కొమ్ముపిడి కత్తితో నా చొక్కా కోశాడు. అందరూ పగలబడి నవ్వారు. మా వెండెల్ కూడా నవ్వాడు. హార్లన్ నవ్వితే నాకు కోపం వచ్చింది, వెండెల్ నవ్వితే అటు చూడలేకపోయాను.

ఆ సాయంత్రమే హార్లన్ తన ట్రక్కు వెనక ఒక దుప్పిని వేసుకొచ్చాడు. ఉత్తరపు చేలో కొట్టానన్నాడు. కడుపు కోసి శుభ్రం కూడా చేసేశాడు. ఎడమ కొమ్ము చివర విరిగి ఉంది. భుజం వెనక ఒక్కటే రంధ్రం. నేను నోరు తెరిచేలోపు అందరూ ఆయన వీపు తట్టడం మొదలెట్టారు. తెల్లారి వాగు దగ్గరికి పోయి చూస్తే నా కెమెరా లేదు. చెట్టుకి కట్టిన పట్టీ తెగి కింద పడుంది, కత్తితో ఒక్క కోతన కోసినట్టు. ఆ కెమెరా చూపు సరిగ్గా రెల్లు పొదల దారి మీదుండేది.

అది నా దుప్పేనని నాకు తెలుసు. కొట్టింది నేనేనని చెప్పే సాక్షి మాత్రం చెట్టు మీంచి మాయమైంది.

"పోనీలేవే," అన్నాడు వెండెల్ ఆ రాత్రి. "అన్నయ్యతో గొడవెందుకు? గుడ్డముక్కే కదా."

"నీ గుడ్డముక్క అయితే పోనిద్దును. నాది."

"సాక్ష్యం లేందే ఏం చేస్తావు?"

"సాక్ష్యం పుట్టిస్తాను," అన్నాను. అటు తిరిగి పడుకున్నాను. ఏడాదంతా ఆ మాటే నాకు జోలపాట.

ఆ వేసవంతా నాకు కెమెరాల చదువే. పాతదాన్ని అందరూ కట్టినట్టే నడుము ఎత్తులో నైలాన్ పట్టీతో కట్టాను. దారినపోయేవాణ్ణి పిలిచి చేతిలో పెట్టినట్టే అది. ఈసారి రెండు కొన్నాను. ఒకటి నా పని కోసం, రెండోది బావగారి కోసం.

నా పనికి కొన్నది చూడ్డానికి అనాకారి. కొన్ని కెమెరాలు చీకట్లో ఫోటో తీసేటప్పుడు ముఖాన ఎర్రగా మిణుకుమంటాయి. దుప్పి దాన్ని పట్టించుకోకపోవచ్చు, దొంగ పట్టించుకుంటాడు. అందుకని అసలు వెలుగే కనబడని రకం తీసుకున్నాను. దానికో ఉక్కు పెట్టె, చెట్టు చుట్టూ తిప్పి బిగించే ఉక్కుతాడు, తాళం. పెట్టె మీద బెరడు రంగు పూశాను. నిచ్చెన వేసుకుని చెయ్యందని ఎత్తులో ఓక్ చెట్టుకి బిగించి, వెనక పైభాగాన చెక్కముక్క దోపి కిందికి చూసేలా వంచాను. ఎండ కంట్లో పడితే ఫోటో తెల్లబోతుంది కాబట్టి ఉత్తరం వైపుకి తిప్పాను. ముందున్న కొమ్మలు, గడ్డి నరికేశాను, లేకపోతే గాలికి ఊగే ప్రతి ఆకూ ఫోటో దిగి కార్డంతా నింపేస్తుంది. తిరిగొచ్చే ముందు నిచ్చెన గుర్తులు కూడా ఆకులతో కప్పేశాను.

రెండోది మెరిసిపోయే కొత్త మోజు రకం. దాన్ని ఎదురుగా ఉన్న చెట్టుకి, నడుము ఎత్తులో, ఉత్త పట్టీతో కట్టాను. తాళం లేదు. పెద్దమనిషికి శ్రమ ఇవ్వకూడదు కదా.

ఇక్కడే నా అసలు పని. ఈ కెమెరాలకి మనం పేరు పెట్టుకోవచ్చు. ఏ చెట్టుదో, ఎవరిదో తెలియడానికి. ప్రతి ఫోటో అడుగున నల్లపట్టీ మీద తేదీ, చలి ఎంతో, చంద్రుడి బొమ్మ, వాటి పక్కన ఆ పేరు పడతాయి. కార్డు తీసి మరో కార్డు పెట్టినా ఆ పేరు పోదు, అది కెమెరా పొట్టలో ఉంటుంది. మీటలు నొక్కుకుంటూ లోపలికి వెళ్లి చెరిపితే తప్ప. అలా వెళ్లాలంటే చీమతలంత అక్షరాలు చదవాలి. మా బావగారికి కళ్లజోడుంది కానీ పెట్టుకోడు. గురిచూసేవాడికి కళ్లజోడేంటని నామోషీ. ఫోటోలో ఆయనకి కనబడేది కొమ్ములు మాత్రమే.

నేను పేరు పెట్టాను. మీటలు నొక్కి నొక్కి బొటనవేలు నొప్పెట్టింది, అయినా తృప్తిగా ఉంది.

ఆదివారం చర్చి అయ్యాక ఆవరణలో అందరూ మాట్లాడుకుంటుంటే, హార్లన్‌కి వినబడేలా వెండెల్‌తో అన్నాను. "టర్కీ వాగు దగ్గర ఒకటి తిరుగుతోంది. పోయినేటిది దీని ముందు దూడ. కొత్త కెమెరా పెట్టాలే."

హార్లన్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "జాగ్రత్త మరదలా, ఈసారైనా కళ్లు తెరిచి కొట్టు."

"మీ దీవెన బావగారూ," అన్నాను.

వారం తిరిగేసరికి మెరిసే కెమెరా లేదు. పట్టీ ఒక్క కోతన తెగి పడుంది. నిచ్చెన తెచ్చుకుని ఓక్ చెట్టెక్కాను. కార్డు తీసి ఫోనుకి పెట్టి అక్కడే చూశాను. చూసి, చెట్టుని కావలించుకుని ఒక్కదాన్నే నవ్వాను. దుప్పి తల పైకెత్తి చూడదని నమ్మి మంచెల మీద ముసలివాడైన మనిషి, తను మాత్రం ఒక్కసారైనా పైకి చూసుకోలేదు.

వెండెల్‌కి చెప్పలేదు. పోయినేడు నవ్వినవాడికి ముందుగా చెప్పడమెందుకు?

అక్టోబరులో క్లబ్బు పనిరోజు వస్తుంది. అందరూ కలిసి దారులు నరికి, మంచెలు బాగుచేసి, మధ్యాహ్నం క్యాంపు ఇంట్లో భోంచేస్తారు. వేపిన చేప, మొక్కజొన్న రొట్టె, తీపి టీ. తిన్నాక ఎవరి కెమెరా కార్డు వాళ్లు పెద్ద టీవీకి పెట్టి తమ చెట్ల కింద తిరిగే దుప్పుల్ని చూపించి గొప్పలు పోవడం మా సరదా. నేను ఆ తోక తెగిన ఎర్రగళ్ల చొక్కానే వేసుకుని వెళ్లాను.

"అయ్యో, ఇంకా అదే చొక్కా? మా తమ్ముడు కొత్తది కొనివ్వలేదా?" అన్నాడు హార్లన్.

"దీని మీద మోజు తీరలేదు బావగారూ."

మొదటి కార్డు ఆయనదే. అధ్యక్షుడు కదా. తెర మీద ఒక మగ దుప్పి, చూసినవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. హార్లన్ కుర్చీలో వెనక్కి వాలి టీ చప్పరించాడు. అప్పుడు ఎజ్రా పెద్దాయన, క్లబ్బులో అందరికంటే ముసలాయన, కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇదేందిరా హార్లన్, కింద ఏదో రాసుంది?"

"తేదీ."

"తేదీ కాదు." పెద్దాయన బడిపిల్లాడిలా కూడబలుక్కుని చదివాడు. "ఆర్లీన్... గురి... తప్పలేదు."

టీవీ దగ్గరున్న వెండెల్ మీట నొక్కాడు. తర్వాతి ఫోటోలో రెండు ఆడ దుప్పులు, అడుగున ఆర్లీన్ గురి తప్పలేదు. తర్వాతి దాంట్లో ఉడత, ఆర్లీన్ గురి తప్పలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. హార్లన్ మెడ ఎర్రబడింది.

"సంతలో కొన్నాను," అన్నాడు. "ఎవడో అమ్ముతుంటే. ఇది నీదని నాకెలా తెలుస్తుంది మరదలా?"

"పాపం, నిజమే. ఎవరమ్మారు బావగారూ?"

"ముక్కూమొహం తెలీనివాడు."

"కొట్టేసినవాడు వాడే అంటారా?"

"వాడే అయ్యుంటాడు. దొరికితే వాడి చేతులు విరగ్గొడతాను."

"ఆ మాట మీద ఉండండి," అన్నాను. జేబులోంచి నా కార్డు తీసి వెండెల్ చేతికిచ్చాను. "ఇది కూడా వెయ్యి."

తెర మీద పైనుంచి ఒక బట్టతల. ఒక చెయ్యి పట్టీని పట్టుకుంది, రెండో చేతిలో కొమ్ముపిడి కత్తి. తర్వాతి ఫోటోలో కెమెరాని చొక్కా కింద దాచుకుంటూ చుట్టూ చూస్తున్న మా బావగారి మొహం. చుట్టూ చూశాడు, పైకి తప్ప.



"పోయినేడు కెమెరా కూడా నువ్వేనా?" అడిగాడు ఎజ్రా పెద్దాయన. "మరి ఆ దుప్పి?"

"అది చచ్చిపడుంది!" అని అరిచాడు హార్లన్. "పొదల్లో చచ్చిపడుంది. నేను తేకపోతే కొయోటు నక్కలు పీక్కుతినేవి. మాంసం పాడుచేస్తామా?"

తనేం ఒప్పుకున్నాడో అన్నాక గానీ ఆయనకి తెలియలేదు. నేను ఏడాదిగా వినాలనుకున్న మాట అది. వింటే ఒళ్లంతా చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు, ఇంకా మండింది.

లేచి చెయ్యి చాపాను. "కత్తి ఇవ్వండి బావగారూ."

"ఏంటీ?"

"తోక. ఇటు తిరగండి."

"ఆచారం గురి తప్పినవాళ్లకి," అన్నాడు ఎజ్రా పెద్దాయన, కాస్త నసుగుతూ. "దొంగతనానికి తోక కొయ్యడం ఎన్నడూ లేదమ్మా."

"దొంగతనమూ ఎన్నడూ లేదుగా తాతా. కొత్త రోగానికి కొత్త మందు."

హార్లన్ తలుపు వైపు అడుగేశాడు. అప్పుడు మా వెండెల్ లేచాడు. పుట్టి బుద్ధెరిగాక అన్నకి ఎదురుచెప్పని మనిషి. వెళ్లి, అన్న భుజం పట్టి గోడవైపు తిప్పి, చొక్కా తోక రెండు చేతుల్తో బిగదీసి పట్టుకున్నాడు. నా మొహం వైపు చూసి, "కొయ్యి," అన్నాడు.

ఆయన నడుమునున్న కొమ్ముపిడి కత్తి లాగి కోశాను. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, కొత్తది. కసుక్కుమని తెగింది. ఎవరూ నవ్వలేదు. ఆయన చొక్కా చేత్తో వెనక పట్టుకుని బయటికి నడుస్తుంటే నేనొక్కదాన్నే నవ్వాను, గట్టిగా, వాకిట్లో ట్రక్కు ఎక్కేదాకా వినబడేలా.

నా ఎర్రగళ్ల గుడ్డ పీకి జేబులో పెట్టుకున్నాను. అదే మేకుకి నీలం గుడ్డ తగిలించాను. పోయినేడు గోడకి బిగించిన ఆ విరిగిన కొమ్ము దుప్పి తల కింద ఆయన పేరున్న చెక్క ఊడదీసి పొయ్యిలో వేశాను. అధ్యక్షుడి కుర్చీ ఎజ్రా పెద్దాయనకిచ్చారు. హార్లన్ పేరు క్లబ్బులోంచి కొట్టేశారు.

ఇంటికొచ్చి తెగిన తోకని చొక్కాకి మళ్లీ కుట్టుకున్నాను. కుట్టు కనబడాలని పచ్చదారంతో కుట్టాను. వేట మొదలైన రోజు పొద్దున్నే అదే వేసుకుని టర్కీ వాగు మంచె ఎక్కాను. బావగారు టీవీలో చూపించిన దుప్పే వచ్చింది. పక్కకి తిరిగి నిలబడింది. కొట్టాను. అది తోక తెల్లగా ఎగరేసి, ఒక్క దూకున పోయింది. దిగి వెతికాను, వాగు దాటి పొదలన్నీ వెతికాను. నెత్తురు లేదు. గట్టున గమ్‌చెట్టు మొదట్లో నా గుండు దిగిన గాయం తెల్లగా కనబడింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

క్యాంపు ఇంటికి వెళ్లి కత్తి బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను. "కొయ్యండి. తప్పాను."

"ఎవరూ చూళ్లేదు కదే," అన్నాడు వెండెల్.

"నేను చూశాను."

వెండెలే కోశాడు, సరిగ్గా పచ్చదారం వెంబడి. ఈసారి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, వెండెల్ నవ్వుతుంటే బాగానే ఉంది. ఎజ్రా పెద్దాయన గుడ్డ మీద నా పేరు రాసి, సుత్తి తీసుకుని, నీలం గుడ్డ పక్కన చోటుంటే అక్కడ మేకు పెట్టబోయాడు.

"అక్కడొద్దు తాతా," అన్నాను. "నేను గురి తప్పినదాన్ని. దొంగ పక్కన నన్ను వేలాడదీయకండి."

పెద్దాయన ఓసారి నీలం గుడ్డ వైపు చూసి, మేకు నోట్లో పెట్టుకుని, కుర్చీ ఈడ్చుకుంటూ అవతలి గోడకి నడిచాడు.