ఎడమకు లాగిన బండి

స్టీలు గిన్నె మూత ఒక పక్క నొక్కుకుపోయింది. ఎటు తిప్పి పెట్టినా గిన్నె మీద కూర్చోవడం లేదు. ఎవరి చేతిలోంచి పడిందో ఎవరూ చూడలేదు. అయినా మామగారు తీర్పు చెప్పేశారు.

“ఇంకెవరు? కొత్త రంగు వేయించిన వారానికే కారును గేటు స్తంభానికి గుద్దిన చెయ్యే.”

“మూత సంగతి మూత వరకే మాట్లాడండి,” అంది అత్తగారు.

“ఇది కూడా ఎడమకు లాగిందేమో కనుక్కో.”

అత్తగారు గిన్నె మీద పళ్లెం బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

‘బండి ఎడమకు లాగింది’ అన్నది ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ చెప్పుకున్న ఒకే ఒక్క సంజాయిషీ. ఆ మాట ఇంట్లో హాస్యంగా స్థిరపడిపోయింది. తలుపు బిగుసుకున్నా, కుట్టు వంకరపోయినా ఎడమకు లాగినట్టే. అంతకుముందు ఊరంతా తానే నడుపుకుంటూ తిరిగిన మనిషి మళ్లీ స్టీరింగు ముట్టలేదు. కోడలు కాపురానికొచ్చిన ఎనిమిదేళ్లలో ఈ కథ వందసార్లు వింది. నిజంగానే లాగిందా అని ఒక్కరూ ఎందుకడగలేదో మాత్రం ఆమెకు అంతుబట్టలేదు.

ఆ కారే ఇప్పుడు షెడ్డులో దిమ్మల మీద ఉంది. కోడలి భర్త దాన్ని బాగుచేయించాలని ముచ్చటపడి, టింకరింగ్ మేస్త్రీని పెట్టి, తాను ఆఫీసుకు పోతున్నాడు. టీ ఇవ్వడానికి వెళ్లిన కోడలు ఖాళీ గ్లాసు తెచ్చుకోవాలన్న వంకతో అక్కడే నిలబడింది.

మేస్త్రీ చక్రం పైనుండే రేకు విప్పి నేల మీద పెట్టాడు. స్తంభం తగిలిన పెద్ద సొట్టను వదిలేసి, దాని అంచున లేచిన సన్నటి మడతతో మొదలుపెట్టాడు. అడుగున ఇనప దిమ్మ ఆనించి, పైనుంచి సుత్తితో టకటకా తడుతున్నాడు.

“పెద్దది వదిలేసి చిన్నదాని వెంట పడ్డారేం?”

“చివర పడ్డది ముందు తియ్యాలమ్మా. గుద్దినప్పుడు ముందు సొట్ట పడింది, ఆ తోపుకి ఈ మడత లేచింది. వెనక నుంచి వరస తప్పకుండా వస్తేనే రేకు మాట వింటుంది.”

“ఏది ముందో ఏది వెనకో చూసి చెప్పేస్తారా?”

“చెప్పకపోతే మా పొట్ట గడవదు.”

కోడలి చూపు గోడవారన పెట్టిన విడిభాగాల మీద తిరిగింది. స్టీరింగు తిప్పితే చక్రాలను తిప్పే పొడుగాటి రాడ్డు ఒకటి కాస్త వంగి ఉంది.

“ఇదీ గేటుకు తగిలే వంగిందా?”

“అంతే అయుంటుంది,” అన్నాడు మేస్త్రీ తలెత్తకుండా. “అది తిన్నగా చేసేది కాదమ్మా, మార్చేయాలి. స్టీరింగు రాడ్డు సాగగొట్టి వాడితే ప్రాణాల మీదికొస్తుంది.”

ఆమె పాతగుడ్డ కిరసనాయిల్లో ముంచి దాని మీది మడ్డి తుడిచింది. రంగు వేసినవాడు చక్రాల లోపలికి కూడా చల్లేసినట్టున్నాడు, రాడ్డు మీద పచ్చరంగు బయటపడింది. వంపు పొడుగునా గోరుతో రాసి చూసింది. ఎక్కడా చిట్లలేదు. రేకు మీద, సొట్ట దగ్గర, అదే రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది.

“మేస్త్రీగారూ, రంగు వేశాక వంగితే రంగు చిట్లాలిగా?”

సుత్తి ఆగింది. అతను రాడ్డు అందుకుని వెలుతురులో తిప్పాడు. బ్లేడుతో కాస్త గీకాడు. పచ్చరంగు కింద వరసగా సుత్తి దెబ్బలు కనిపించాయి.

“గేటు కన్నా ముందే వంగిందమ్మా ఇది. ఎవరో తిన్నగా చేయబోయి, సగంలో వదిలేసి, పైన రంగు కొట్టించేశారు.”

“దీంతో నడిపితే?”

“బండి ఓ పక్కకి లాగుతుంది.”

“ఏ పక్కకి?”

మేస్త్రీ కారు కింద దూరి, రాడ్డును దాని చోట ఆనించి చూసుకుని బయటికొచ్చాడు.

“ఎడమకి.”

సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక, కోడలు రాడ్డును పాత పేపరు మీద పెట్టి బల్ల మీద ఉంచింది. మేస్త్రీ చెప్పినదంతా పొల్లు పోకుండా చెప్పి, “రంగు వేయించే ముందు దీన్ని ఎవరు సాగగొట్టించారు మామయ్యా?” అనడిగింది.

మామగారు నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించారు.

“నేనే. ఒకసారి రాళ్ల మీదికెక్కించాను. చిన్న వంకరే కదా అనుకున్నాను.”

“మరి అమ్మ గేటుకు గుద్దిన రోజున?” అన్నాడు కొడుకు.

“అప్పుడు అనుమానమొచ్చింది.”

అత్తగారు లేచిపోలేదు. కూర మారు వడ్డించుకుంది. రాడ్డును దగ్గరికి లాక్కుని, వంపు మీద బొటనవేలితో ఓసారి రాసి, కొడుకు వైపు తిరిగింది.

“రాడ్డు కొత్తది వేయించు. బండి బయటికి తీసిన రోజున నడిపేది నేను. మీ నాన్న వెనక సీట్లో కూర్చుంటారు.”

“వెనక సీటు ఇంకా బిగించలేదు,” అన్నారు మామగారు గొంతు తగ్గించి.

“బిగించేదాకా నడిచి రండి.”