పిన్ను చెడిందట!

నేను ఒక పిన్నును. చీరకొంగుకు పెట్టుకునే పిన్నీసును కాదు, కాగితాలకు గుచ్చే గుండుసూదినీ కాదు. బొటనవేలి గోరంత నల్లటి చిప్పు చుట్టూ మొలిచిన సన్నటి కాళ్లలో ఒకదాన్ని. నా పక్కనే ఒక చీటీ అంటించి ఉంది. దాని మీద నావైపు బాణం గీసి, "పిన్ను చెడింది" అని నీలం సిరాతో రాశారు. ఆ రాత గుర్తొస్తే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒంట్లో ఏ రోగమూ లేనివాడి మెడలో రోగి అని పలక కడితే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ మనుషులు తల నుంచి పాదం దాకా తెల్లటి ముసుగులు వేసుకుని తిరుగుతారు. నా ఒంటిమీద మనిషి చెయ్యి పడకుండానే పెరిగాను. నేను సుఖపడిన రోజులంటూ ఉంటే అవే.

చిప్పు లోపల పనులు బోలెడు, బయటికి కాళ్లు కొన్నే. అందుకని పుట్టించినవాళ్లు మాలో చాలామందికి రెండేసి విద్యలు నేర్పారు. నా మొదటి విద్య స్విచ్చు పని. ఎత్తమంటే ఎత్తుతాను, దించమంటే దించుతాను. దాన్నిబట్టి నాకు కట్టిన యంత్రం నడుస్తుంది, ఆగుతుంది. రెండోది సీరియల్ పోర్టుకు నోరుగా ఉండడం. చిప్పు లోపలి కబుర్లను అక్షరం వెంట అక్షరం బయటికి పంపుతాను. రెండూ వచ్చు గానీ ఒకేసారి రెండూ చేయలేను. సన్నాయి ఊదుతున్నవాణ్ణి అదే నోటితో మంత్రం కూడా చదవమని ఏ పెళ్లిపెద్దా అడగడు కదా!

ఏ పని చేయాలో నిర్ణయించేది నేను కాదు. డివైస్ ట్రీ అని ఒక ఫైలు ఉంటుంది. అందులో మనుషులు రాస్తారు. కరెంటు రాగానే నిద్రలేచే కెర్నల్, అంటే ఆ పెట్టె మొత్తాన్ని నడిపే ప్రోగ్రాము, తన బోర్డు మీద ఎవరున్నారో, ఎవరి పని ఏమిటో ఆ ఫైలు చదివే తెలుసుకుంటుంది. స్విచ్చు అని రాస్తే స్విచ్చును, నోరు అని రాస్తే నోరును. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి మనుషులకు చేతకాక నా బతుకు పాడైంది.

నేను వచ్చి పడింది హైదరాబాదులో, చర్లపల్లిలో, వీరభద్రాచారి గారి షెడ్డులో. కోడిగుడ్లు పొదిగే యంత్రాలకు కంట్రోలర్లు చేస్తారాయన. లోపల వేడి చాలకపోతే హీటరు వెలగాలి, చాలినంత అయితే ఆరాలి. బోర్డు గీసింది మస్తాన్ వలీ. పల్నాటివాడు, నెమ్మదస్తుడు, టంకం వేస్తే పూసలాగా కుదురుతుంది. హీటరును నడిపే రిలేను అతను నాకు కట్టాడు. అందులో వంక పెట్టడానికేమీ లేదు. డివైస్ ట్రీ రాసింది నవనీత. చురుకైన పిల్లే. కానీ ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదని చారిగారి శాసనం. అందుకని ఆమె చిప్పు అమ్మినవాళ్లు ఇచ్చిన నమూనా బోర్డు ఫైలును ఉన్నదున్నట్టు తీసుకుంది. పైన ఒక్క అక్షరం కదపకుండా, కావలసినవి కింద చేర్చుకుంటూ పోయింది.

ఆ నమూనా బోర్డు మీద నేను సీరియల్ పోర్టు నోరును! కింద ఆమె చేర్చిన వరుసల్లో హీటరు స్విచ్చును. ఒకే విస్తరి ముందు ఇద్దరిని కూర్చోబెట్టి ఇద్దరికీ వడ్డించినట్టయింది. కెర్నల్ అయినా అడ్డుచెప్పిందా? మా చిప్పు తాలూకు డ్రైవరు, అంటే కెర్నల్ తరఫున పిన్నులను పంచిపెట్టే చిన్న ప్రోగ్రాము, మహా మొహమాటస్థురాలు. వచ్చినవాళ్లందరికీ సరేనంది. ముందొచ్చిన సీరియల్ పోర్టు నన్ను పట్టేసుకుంది. తర్వాత వచ్చిన హీటరు డ్రైవరు "ఎత్తు" అన్నా "దించు" అన్నా ఆ మాట నాదాకా రాలేదు. తన పని అయిపోయిందనుకుని అది నిశ్చింతగా కూర్చుంది. ఇంకో మాట కూడా వినండి. సీరియల్ పోర్టు నోరు మూసుకుని ఉన్నంతసేపూ నన్ను పైకెత్తే ఉంచుతుంది. అంటే హీటరు వెలుగుతూనే ఉంటుంది.

ఈ సంగతి మొదటిరోజే బయటపడాల్సింది. హీటరు బదులు ఒక బల్బు కట్టి, బోర్డుకు కరెంటు ఇచ్చారు. కెర్నల్ లేస్తూ చెప్పుకునే సోదంతా నా గుండా పోయి రిలే గుర్రుమంది, బల్బు కాసేపు రెపరెపలాడింది. తర్వాత నిలకడగా వెలిగింది. వలీ ఒక వేడి టీ గ్లాసు పట్టుకొచ్చాడు. వేడిని కొలిచే సెన్సారును గ్లాసుకు ఆనిస్తే బల్బు ఆరాలి, అదీ పరీక్ష. సరిగ్గా అప్పుడే చారిగారు కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు.

"ఏం జేస్తున్నవ్ వలీ? ఇప్పుడే శుభమాని వెలిగింది, అప్పుడే కొండెక్కిస్తవా? మొదటి మిషను. పూజ గానీ" అన్నారు.

"ఒక్క నిమిషం సార్, ఆరుద్దో లేదో చూసి..."

"ఆ మాటనకు! టీ తాగెయ్, సల్లారిపోతది."

వలీ టీ తాగేశాడు. నాకు బొట్టు పెట్టారు. కాయ కొట్టారు, మిఠాయి పంచారు. బల్బు వెలుగుతుండగానే ప్లగ్గు పీకి పెట్టెలో పెట్టి పంపించేశారు. పరీక్ష అయిపోయిందట! వెలిగిందా, వెలిగింది. దీపం ఆరడం అశుభమైతే అయింది గానీ, హీటరుకు ఆరడమే ప్రాణమని అంతమందిలో ఒక్కరికి తోచకపోవడమేమిటి? నాకు నిజంగా నోరుండి ఉంటే అప్పుడే అరిచేదాన్ని. కాగితం మీద నన్ను నోరని రాశారే గానీ నా మాట నన్ను చెప్పనిచ్చిందెవరు?

అనపర్తి దగ్గర మంగయమ్మగారి హేచరీకి చేరాను. చీకటిగదిలో గుడ్డును లైటుకు ఎదురుపెట్టి లోపలి పిల్లను చూసి మురిసిపోయే మనిషి ఆవిడ. పాత యంత్రంలో సగం పొదిగిన గుడ్లను మాకు అప్పగించి, పక్క ఊరికి పనిమీద వెళ్లింది. వచ్చేసరికి ఏం చూసిందో, ఆవిడ ఫోనులో చెబుతుండగానే అందరం విన్నాం.

"చారిగారండీ, మీ డబ్బా తెర మీద హీటరు ఆపేసేనని రాసుందండి. తలుపు తీసి సూత్తే పొయ్యిలాగుందండీ! నేనే వైరు లాగేసేను. నిన్న ఒక్కో గుడ్డులో పిల్ల కదలడం నా కళ్లతో సూసేనండి. ఇయ్యాల ఒక్కటి కదిల్తే ఒట్టు." అక్కడితో ఏడ్చేసింది.

ఆ గుడ్లను కాల్చింది నేనేనట! వెనక్కి తెచ్చి కొలిచారు. "ఎప్పుడు జూసినా పైకే ఉంది. పిన్ను పోయింది. నీ బోర్డులోనే ఏదో షార్టయింది వలీ" అని చారిగారు తీర్పు చెప్పేశారు.

"పిన్ను బానే ఉంది సార్. ఆన్ చెయ్యంగానే రిలే గుర్రుమంటంది. చచ్చిన పిన్ను గుర్రుమనదు గదా" అన్నాడు వలీ.

ఆ ఒక్కమాటకు అతని పాదాలకు మొక్కేదాన్ని. కానీ వినేదెవరు? నవనీత తన ఫైలు సరిగానే ఉందంది. హీటరు వరుసలు ఇంకోసారి చదువుకుంది కూడా. పైన ఉన్నవి చదవలేదు, అవి ముట్టుకోకూడనివి కదా! నెలాఖరుకు వేరే చోటు చూసుకొమ్మని వలీకి చెప్పేశారు చారిగారు. ఆ లోపు నన్ను తెగ్గోసి, రిలేకు ఇంకో కాలి నుంచి తీగ లాగమన్నారు. వలీయే కోశాడు. అతనిచేతే చీటీ రాయించారు. అబద్ధమని తెలిసీ "పిన్ను చెడింది" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఇంటి దగ్గర బాలింత భార్య, మనిషి ఎదురుచెప్పలేకపోయాడు. జాలిపడాలో కోప్పడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నాళ్లకు ఇంకో బోర్డు బల్ల మీదికి వచ్చింది. కొత్త చిప్పు, అందులో నా స్థానంలో నా తోబుట్టువు. మంగయమ్మగారి ఏడుపు చెవుల్లో ఉందేమో, ఈసారి నవనీతే టీ గ్లాసు తెచ్చి సెన్సారుకు ఆనించింది. బల్బు ఆరలేదు.

"రెండు చిప్పుల్లోనూ అదే కాలు ఎలా పోతుంది?" అంది పైకే.

నడుస్తున్న కెర్నల్‌ను ఏ పిన్ను ఎవరి చేతిలో ఉందని అడిగితే చెబుతుంది. ఇన్నాళ్లూ అడగలేదంతే. అడిగింది. నా వరుసలో సీరియల్ పోర్టు పేరు, దాని పక్కనే హీటరు పేరు. ఇన్నాళ్లూ చదవని పై వరుసలు అప్పుడు చదివింది. పైన సీరియల్ పోర్టును తీసేసి, ఈ పిన్ను స్విచ్చు అని స్పష్టంగా రాసి, మళ్లీ నడిపింది. గ్లాసు ఆనగానే బల్బు ఆరింది. తీస్తే వెలిగింది.

"వలీ గారూ, మీ బోర్డులో తప్పు లేదు, నా ఫైలుదే" అంది. చారిగారి ముందూ అదే మాట దాచకుండా చెప్పింది.

"మరి ఆ రోజు వెలిగింది గదమ్మా?" అన్నారాయన అయోమయంగా.

"ఆ ఫైలుతో దానికి వెలగడం తప్ప ఇంకేం రాదు సార్."

చారిగారు వలీని ఉండిపొమ్మన్నారు. మంగయమ్మగారికి కొత్త బోర్డు తీసుకుని తనే వెళ్లారు. అక్కడ ప్లగ్గు పెట్టబోతుంటే ఆవిడ అందట: "ఎలిగించి సూపించకండి బాబూ. ఆపి సూపించండి." ఇప్పుడు షెడ్డులో టీ గ్లాసుతో బల్బు ఆరాకే కాయ కొడుతున్నారు. "ఇగ కొండెక్కించమ్మా" అంటారు చారిగారు, ఆర్పమనడానికి ఇంకా నోరు రాక.

నేను మాత్రం ఎవరికీ అక్కరలేని ఆ పాత బోర్డుతో పాటు సొరుగులో ఉన్నాను, మరమేకుల మధ్య, తుప్పుపట్టిన క్లిప్పుల మధ్య. ఫైలులో నా పని సరిచేశారు. అది అందరికీ అందింది, తెగిన నాకు తప్ప. నా గురించి మనుషులు రెండుసార్లు రాశారు, రెండుసార్లూ తప్పే రాశారు. మొదటిది తెలియక రాసింది కాబట్టి క్షమిస్తాను. మరమేకుల కోసం వలీ అప్పుడప్పుడు సొరుగు తెరుస్తాడు. నన్ను చూస్తాడు, ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది, మళ్లీ మూసేస్తాడు.

వలీ, నీ మీద పడ్డ మాట పోయింది, సంతోషం. నీ చేత్తో రాసిన ఆ చీటీ కూడా పీకెయ్యవయ్యా.